పిడికెడు గింజలు: నల్లగొండ, మహబూబ్‌నగర్ క్రైస్తవ సంఘాల ఆకలి నివారణ ప్రయత్నాలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆకలిని తగ్గించడానికి క్రైస్తవ సంఘాలు చేసిన కృషిని విదేశీ మిషనరీల దాతృత్వ చరిత్రగా రాయడం పరిపాటి. దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతంలోని గ్రామ సంఘాలలో అత్యధికులు స్వయంగా ఆకలికి గురైన వ్యవసాయ కూలీలు, చర్మకారులు. కాబట్టి ఇక్కడ ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు చాలావరకు ఒకే గూడెం మనుషులు. ఈ దృష్టితో 1876–78 కరువు అనుభవాన్నీ, నల్లగొండ, పాలమూరు మిషన్ కేంద్రాల చరిత్రనూ, 'పిడికెడు బియ్యం' ఆచారాన్నీ, తరువాత వచ్చిన బయటి ధాన్యాన్నీ, వలసనూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఆకలి, కరువు, మేర, పిడికెడు బియ్యం, స్వయంపోషణ, మెన్నొనైట్ బ్రెదరెన్, పాలమూరు, వలస.

1. ఉపోద్ఘాతం

మతసంస్థలు ఆకలి నివారణకు చేసే కృషిని గురించి ఆలోచించినప్పుడు ఉన్నవారు లేనివారికి పెడుతున్న దృశ్యమే మనసులో మెదులుతుంది. దేవాలయాల అన్నసత్రాలు, దర్గాల లంగర్లు, మిషన్ బంగళాల ముందు గంజి కోసం నిలబడిన వరుసలు మన సాహిత్యంలోనూ చరిత్ర రచనలోనూ తరచు కనిపించేవే. ఈ చిత్రంలో పెట్టేవారి చేయి పైన, పుచ్చుకునేవారి చేయి కింద ఉంటాయి. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల గ్రామ క్రైస్తవ సంఘాలకు ఈ చిత్రం సరిగా అతకదు. ఆ సంఘాలలో చేరినవారు ప్రధానంగా మాదిగలు, ఆ తరువాత మాలలు. వారిలో సొంత భూమి ఉన్నవారు తక్కువ. జీతాలకు కుదిరినవారు, వెట్టికి పోయినవారు, కోత కూలితో పొట్ట పోసుకున్నవారు ఎక్కువ. కరువు వస్తే ఊరిలో ముందుగా పస్తులుండే ఇళ్ళు వారివే. అటువంటివారు సంఘంగా ఏర్పడి ఆకలిని ఎదుర్కోవడమంటే ఏమిటన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న.

ఇక్కడ నల్లగొండ, మహబూబ్‌నగర్ అన్నప్పుడు 2016 పునర్విభజనకు ముందున్న జిల్లాలనే ఉద్దేశించడం జరిగింది. సూర్యాపేట, భువనగిరి, దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట ప్రాంతాలన్నీ ఈ పరిధిలోకి వస్తాయి.

2. మెట్ట నేల, మేర, ఆకలి

ఎర్ర చెల్కలు, రాతిగుట్టలు, వాన నీటితో నిండే చెరువులు ఈ ప్రాంతపు భౌగోళిక లక్షణాలు. కృష్ణ, తుంగభద్ర, మూసీ నదులు జిల్లాల అంచులనో లోపలనో పారుతున్నా చాలాకాలం ఎత్తయిన పొలాలకు ఆ నీరు అందలేదు. జొన్న, సజ్జ, కొర్ర, ఆముదం, కంది వానను నమ్ముకొని వేసే పంటలు. చెరువు కింద కొద్దిపాటి వరి పండేది. అది పండించినవారి నోటికి పండుగ పూట మాత్రమే అందేది. మిగిలిన రోజులకు జొన్న గట్కా, అంబలీ ఆధారం. అవీ కరవైనప్పుడు బలుసాకు, చింతగింజలు. 'బతికుంటే బలుసాకు తిని బతకొచ్చు' అన్న సామెతలోని బలుసాకు అలంకారం కోసం వచ్చిన మాట కాదని ఈ నేలమీద తిరిగినవారికి తెలుస్తుంది.

ఆకలి ఎవరి ఇంటికి ముందు వస్తుందో గ్రామ వృత్తి సంబంధాలు నిర్ణయించాయి. మోట బావులకు తోలు బొక్కెనలు కుట్టడం, చెప్పులు, పలుపులు సమకూర్చడం, చచ్చిన పశువును తొలగించడం, డప్పు కొట్టడం మాదిగల విధులు. వీటికి ప్రతిఫలంగా పంట కల్లం మీద రైతు కొలిచి ఇచ్చే గింజలే మేర. పంట పండినంతకాలం మేర ఒక భరోసా. వాన తప్పిన ఏడు బావులు ఎండుతాయి, మోట ఆగుతుంది, బొక్కెన కుట్టించుకునేవారుండరు, కల్లం ఉండదు, మేర ఉండదు. అదే సమయంలో కూలి పనులూ ఆగిపోతాయి, అంగట్లో గింజల ధర పెరుగుతుంది. ఒక్క కారణంతో మూడు దారులూ మూసుకుపోతాయి. ఊళ్ళో ధాన్యం ఉండవచ్చు, షావుకారి పాతరలో ఉండనే ఉంటుంది. దాన్ని పొందే హక్కు మాత్రం ఈ ఇళ్ళకు ఉండదు. ఆహారం లేకపోవడం వేరు, ఆహారంపై అధికారం కోల్పోవడం వేరు అని అమర్త్యసేన్ 1981లో 'పావర్టీ అండ్ ఫామిన్స్' గ్రంథంలో చేసిన ప్రతిపాదనకు పాలమూరు కల్లం కంటే దగ్గరి ఉదాహరణ వెదకనక్కరలేదు.

క్రైస్తవ మతస్వీకారం ఈ భద్రతను ఇంకా బలహీనపరచిన సందర్భాలున్నాయన్న సంగతిని తరచు మరచిపోతాం. ఆదివారం పనికి రామన్నందుకు, దేవర కొలుపుల్లో డప్పు కొట్టమన్నందుకు, చచ్చిన పశువు మాంసం ముట్టమన్నందుకు కొత్త క్రైస్తవులు ఊరిపెద్దల ఆగ్రహానికి గురైన ఉదంతాలు మిషన్ రచనలలో విస్తారంగా ఉన్నాయి. ఆగ్రహం మొదట చేరే చోటు కల్లం. అంటే కొన్ని ఇళ్ళకు బాప్తిస్మం తిండి తెచ్చిపెట్టడానికి బదులు ఉన్న మేరకే ఎసరు పెట్టింది.

3. ఒంగోలు కాలువ గట్టున

నల్లగొండ, పాలమూరు సంఘాల గురించి మాట్లాడుతూ ఒంగోలుకు వెళ్ళడానికి కారణం ఉంది. నిజాం రాజ్యంలోకి వచ్చిన బాప్టిస్టు సంఘాల మూలం అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్. అది 1840లో నెల్లూరులో స్థిరపడి, 1866లో ఒంగోలుకు, 1870లలో సికింద్రాబాద్, హనుమకొండలకు విస్తరించింది. 1885లో పాలమూరులో, 1890లో నల్లగొండలో కేంద్రాలు ఏర్పడేనాటికి ఈ మిషన్‌కు ఆకలి విషయంలో ఒక అనుభవం, ఆ అనుభవం నుంచి పుట్టిన ఒక నియమం ఉన్నాయి. ఆ రెండూ 1876–78 నాటి మహా కరువులో రూపుదిద్దుకున్నవి. తెలుగువారి నోట అది ధాత కరువు.

మద్రాసు, బొంబాయి, మైసూరు, హైదరాబాదు ప్రాంతాలను ఆ కరువు చుట్టుముట్టినప్పుడు ప్రభుత్వం సహాయ పనులు చేపట్టింది. 1877 ఆరంభంలో సర్ రిచర్డ్ టెంపుల్ సూచనపై మద్రాసు రాజధానిలో మగ కూలీకి నిర్ణయించిన దినవేతనం ఒక పౌను ధాన్యపు వెల, దానిపై ఒక అణా. ఒక పౌను అంటే సుమారు 450 గ్రాములు. రోజంతా మట్టి మోసే మనిషికి అది చాలదని ఆనాటి వైద్యాధికారులే అభ్యంతరం చెప్పారు. ఆ సమయంలో ఒంగోలులో ఉన్న మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, పూర్వాశ్రమంలో అమెరికాలో భూమి సర్వే పనిలో ఉన్నవాడు కావడం వల్ల, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని గుత్తకు తీసుకున్నాడు. సహాయ పనుల దగ్గర మాదిగలకు కింది ఉద్యోగుల నుంచి ఎదురవుతున్న దౌర్జన్యం ఇందుకు ఒక కారణం. తన ఉపదేశకులనే పని పర్యవేక్షకులుగా పెట్టి, కులమత భేదం లేకుండా వచ్చినవారందరికీ పని, చేసిన పనికి డబ్బు ఇప్పించాడు.

ఈ ఉదంతంలో మన చర్చకు ముఖ్యమైనది కాలువ పొడవు కాదు. కరువు సాగినంతకాలం, సుమారు 15 నెలలపాటు, అతడు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవారు వేలల్లో ఉన్నారు. సహాయం ముగిసి, పంచడానికి తన చేతిలో ఏమీ మిగలని స్థితి వచ్చిన తరువాతనే ఇవ్వడం మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన ఘటన ప్రపంచ మిషన్ చరిత్రలో ప్రసిద్ధమైంది. ఆ సంఖ్యను చెప్పినంత గట్టిగా దానికి ముందున్న 15 నెలల నిరాకరణను చెప్పేవారు తక్కువ.

'రైస్ క్రిస్టియన్లు' అన్న ఎత్తిపొడుపుకు ఈ నిరాకరణ ఒక సమాధానమని మిషన్ రచయితలు అంటారు. అది పాక్షిక సమాధానమే అని నా అభిప్రాయం. కరువులో తమ పక్కన నిలబడినవారి మీద ఏర్పడిన నమ్మకం కరువు పోయాక ఆవిరి కాదు. దాన్ని మతనిర్ణయం నుంచి పూర్తిగా విడదీయడం సాధ్యమూ కాదు. పైగా ఆ ఉద్యమానికి కరువు కంటే పాత వేళ్ళున్నాయి. 1866లో బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య అంతకుముందే నాసరయ్య యోగి మార్గంలో నడిచిన మాదిగ గురువు. ఈ నేపథ్యాన్ని ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899 నాటి 'వైల్ సోయింగ్ శాండల్స్' గ్రంథంలో వివరంగా నమోదు చేసింది. అయితే సహాయాన్ని సభ్యత్వం నుంచి వేరుచేసి ఉంచాలన్న నియమం మాత్రం విలువైనది. తరువాతి కాలంలో ఏ సంఘం ఆకలి విషయంలో ఎంత నిజాయితీగా నడిచిందో కొలవడానికి అదొక కొలబద్ద.

కూలిపని రూపంలో కరువు సహాయం అన్న ఆలోచనకు తెలంగాణలో అందరికీ తెలిసిన గుర్తు మెదక్ చర్చి. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకున్న ఆ కట్టడం కరువు రోజుల్లో పనికి తిండి ఇచ్చి కట్టించినదన్న కథనం నేటికీ జనం నోట ఉంది.

4. నల్లగొండకు వచ్చినవారి వెనుక ఉన్న ఆకలి

నల్లగొండ కేంద్రానికి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్, మరియా ఫ్రీసెన్ దంపతులు అమెరికన్లు కారు. నేటి ఉక్రెయిన్‌లో, నాటి రష్యా సామ్రాజ్యంలో, మోలోచ్నా నది తీరాన స్థిరపడిన జర్మన్ భాషీయులైన మెన్నొనైట్ రైతు కుటుంబాలకు చెందినవారు. 1889లో బయలుదేరి, బాప్టిస్టు మిషన్ ఏర్పాటు కింద 1890లో నల్లగొండ చేరారు. వారి వెంట మరికొందరు రష్యన్ మెన్నొనైట్లు వచ్చారు. 1899లో అమెరికాలోని మెన్నొనైట్ బ్రెదరెన్ తరఫున నికొలస్, సూసీ హీబర్ట్ దంపతులు హైదరాబాద్ రాజ్యానికి వచ్చారు. వారి తరువాత నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి వంటి చోట్ల ఆ మిషన్ కేంద్రాలు వెలిశాయి. 1937లో బాప్టిస్టులు మహబూబ్‌నగర్ కేంద్రాన్ని వారికే అప్పగించారు. అందువల్ల ఈనాటికీ పాలమూరు పల్లెల్లో 'ఎం.బి. చర్చి' అన్నది ఇంటిపేరంత పరిచితమైన మాట.

నల్లగొండకు కానుకలు పంపిన ఆ గోధుమ రైతుల గ్రామాలే విప్లవం, అంతర్యుద్ధం, పంటల స్వాధీనం తరువాత 1921–22లో ఘోరమైన కరువు పాలయ్యాయి. వారికి అన్నం పెట్టడం కోసమే 1920లో అమెరికాలోని మెన్నొనైట్ శాఖలన్నీ కలిసి మెన్నొనైట్ సెంట్రల్ కమిటీని స్థాపించాయి. 1922 మార్చి నుంచి ఉక్రెయిన్ మెన్నొనైట్ గ్రామాలలో దాని వంటశాలలు నడిచాయి. ఆ సంస్థే తరువాత 1940లలో బెంగాల్ క్షామ సమయంలో భారతదేశానికి సహాయంతో వచ్చింది. దాతలుగా మనకు పరిచయమైనవారి సంస్థ వారి సొంత ఆకలి నుంచి పుట్టిందన్న ఈ సంగతి తెలుగు క్రైస్తవ చరిత్రలలో చాలా తక్కువగా ప్రస్తావనకు వస్తుంది. ఇది ప్రస్తావించదగినది. దానం ఒకవైపు నుంచే ప్రవహిస్తుందన్న భావన అంత చారిత్రకం కాదని ఇది చూపుతుంది.

5. పిడికెడు గింజలు

బయటి సహాయం కరువు సంవత్సరాలకు పరిమితం. ఏటేటా వచ్చే ఆకలి వేరు. నిల్వలు అడుగంటి, కొత్త పంట ఇంకా చేతికి రాని ఆషాఢ, శ్రావణ, భాద్రపద మాసాలలో కూలి ఇళ్ళలో పొయ్యి ఒక పూటే వెలిగేది. ఈ ఆకలికి పేరు లేదు, సర్కారు ప్రకటన లేదు, చందాల పిలుపు లేదు. దీన్ని ఎదుర్కోవడానికి గ్రామ సంఘాల దగ్గర ఉన్న పరికరం పిడికెడు బియ్యం.

ఆచారం చాలా సరళమైనది. ఇల్లాలు వంటకు గింజలు కొలుచుకున్నప్పుడు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలోనో డబ్బాలోనో వేస్తుంది. వారాంతాన ఆ గింజలు గుడికి చేరతాయి. కొన్నిచోట్ల ఇంటింటికీ తిరిగి సంఘ స్త్రీలు పోగుచేస్తారు. ఈశాన్య భారతంలోని మిజో సంఘాలలో ఇదే పద్ధతి మరింత వ్యవస్థీకృతంగా సాగుతోంది. తెలుగునాట దీనికి సిద్ధాంత బలం ఇచ్చినవారిలో దోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య ముఖ్యుడు. 1912లో అభిషిక్తుడైన ఆయన భారతీయులలో మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్. ఇవ్వడం ధనికుల బాధ్యత, పుచ్చుకోవడం పేదల స్థితి అన్న విభజనను ఆయన అంగీకరించలేదు. కూలి మనిషి కూడా తనకున్న దానిలోంచి వస్తురూపంలో ఇవ్వగలడని, ఇవ్వడం అతని గౌరవమని బోధించాడు. కోత పండుగనాడు కొత్త గింజలు, కోళ్ళు, గుమ్మడికాయలు బలిపీఠం ముందుకు తెచ్చి, ఆరాధన తరువాత వేలం వేసే పద్ధతి ఆయన అధ్యక్ష మండలంలోనే కాక తెలుగు సంఘాలన్నింటా కనిపిస్తుంది.

పేరు గురించి ఒక మాట. ఈ మెట్ట ప్రాంతంలో రెండు తరాల కిందటి వరకు కుండలోకి చేరిన పిడికిలిలో బియ్యం కంటే జొన్నలు, సజ్జలు ఎక్కువగా ఉండేవనుకోవడం సహజం. వరి తిండి ఉన్న ప్రాంతాల సంఘ పరిభాష ఇక్కడికి వచ్చి స్థిరపడి ఉండవచ్చు. వ్యాసశీర్షికలో 'గింజలు' అన్నది అందుకే.

ఈ పిడికిలి ఎంత బరువు మోయగలదు? ఒక ఊహాలెక్క వేద్దాం. పిడికిలికి 40 గ్రాములు, రోజుకు రెండు పూటలు, 40 ఇళ్ళు ఉన్న సంఘం అనుకుంటే నెలకు ఇంటికి 2.4 కిలోలు, సంఘానికి 96 కిలోలు వస్తాయి. నేడు తెలంగాణలో ఆహారభద్రత కార్డుపై మనిషికి నెలకు ఇచ్చేది 6 కిలోలు. అంటే ఆ 96 కిలోలు 16 మంది కోటాతో సమానం. ఊరి ఆకలిని తీర్చేటంత కాదు. కాని దిక్కులేని ఇద్దరు ముగ్గురు ముసలివారిని, ఒక బాలింత ఇంటిని, మగదిక్కు పోయిన ఒక కుటుంబాన్ని ఆ మూడు నెలలు గట్టెక్కించడానికి సరిపోతుంది. ఈ పరిమితి తెలిసినప్పుడే ఆచారం విలువ కూడా తెలుస్తుంది. ఇంకో లక్షణం ఉంది. ఇచ్చేవారి ఇంట్లో మిగులు ఉండనక్కరలేదు. వండబోయే దానిలోంచే తీయాలి. కాబట్టి పిడికెడు తీసిన ఇంట్లో ఆ పూట పిడికెడు తక్కువే తింటారు. ఆ తక్కువ ఎవరి పళ్ళెంలో పడుతుందో మన ఇళ్ళలో తెలియనిది కాదు. చివర తినే ఇల్లాలి వాటాలోంచే అది పోతుంది. స్త్రీల భక్తిగా కొనియాడే ఈ ఆచారాన్ని వారి పోషణ దృష్టితో కూడా పరిశోధకులు చూడవలసి ఉంది.

అంతకంటే కఠినమైన ప్రశ్న మరొకటి. పోగైన గింజలు ఎవరి ఇంటికి చేరాయి? మిషన్లు గట్టిగా కోరిన 'స్వయంపోషణ' విధానం ప్రకారం గ్రామ సంఘం తన ఉపదేశకుని, సంఘకాపరిని తానే పోషించుకోవాలి. కాబట్టి పిడికెడు బియ్యంలో మొదటి వాటా సాధారణంగా కాపరి ఇంటిదే. విదేశీ డబ్బుపై ఆధారపడకుండా తమ కాపరిని తామే నిలబెట్టుకోవడం ఆ సంఘాలకు గర్వకారణమైంది. ఆ గర్వాన్ని తక్కువ చేయనక్కరలేదు. నెల జీతం ఆలస్యమైతే కాపరి ఇల్లూ పస్తులుండేదే. అయినా ఆకలి నివారణ అన్న కోణంలో చూస్తే, పేదల గింజలు పేదల వద్దకు తిరిగి చేరే ముందు మధ్యలో ఒక సంస్థ భారాన్ని మోయవలసి వచ్చిందని ఒప్పుకోవాలి. విధవల కోసం ఒక కుండ, కాపరి కోసం ఒక కుండ వేరువేరుగా పెట్టిన సంఘానికీ, అంతా ఒకే కుండలో పోసిన సంఘానికీ తేడా ఉంటుంది. ఈ తేడా సంఘపెద్దల ఔదార్యాన్ని బట్టి కాక, రాసుకున్న నియమాన్ని బట్టి ఉండాలన్నది జోషియైన వాదం కాదు, లెక్కల వాదం.

బైబిల్లోని పరిగె నియమాన్ని గ్రామ ఉపదేశకులు తరచు ప్రస్తావించడానికి కారణం స్పష్టమే. పొలం అంచుల్ని పూర్తిగా కోయరాదని, రాలిన వెన్నుల్ని పేదలకు, పరదేశులకు వదలాలని లేవీయకాండం ఆదేశిస్తుంది. రూతు కథ మొత్తం ఆ పరిగె చుట్టూ అల్లుకున్నది. కోతయిన చేలో పరిగె ఏరుకోవడం మన మాదిగ, మాల స్త్రీలకు కథ కాదు, ఏటేటి పని. కాని ఒక భేదం ఉంది. ఆ గ్రంథంలో పరిగె పేదవాని హక్కు. మన చేలల్లో అది ఆసామి దయ. ఈ భేదాన్ని పల్లె ప్రసంగాల్లో ఎంత స్పష్టంగా చెప్పారన్నదాన్ని బట్టి ఆ సంఘం ఆకలిని దయతో ముడిపెట్టిందో హక్కుతో ముడిపెట్టిందో తెలుస్తుంది. 1946–51 మధ్య నల్లగొండ పల్లెల్లో భూమి, వెట్టి, కూలి ప్రశ్నలు సాయుధ పోరాటంగా మారినప్పుడు ఈ భేదం ప్రసంగ విషయంగా మిగలలేదు.

6. బయటి గోధుమలు

స్వాతంత్ర్యానంతరం మరో దశ. దేశ విభజన శరణార్థుల సహాయం కోసం 1947లో రూపొందిన చర్చిల ఉమ్మడి సహాయ సంస్థ కాసా ద్వారానూ, ఇతర మిషన్ సంస్థల ద్వారానూ విదేశీ గోధుమలు, నూనె, పాలపొడి గ్రామ సంఘాలకు చేరాయి. అమెరికా 1954లో చేసిన పి.ఎల్. 480 చట్టం ఈ సరకులకు మూలం. 1960, 70 దశకాల్లో బావుల తవ్వకం, చెరువు గట్ల మరమ్మతు వంటి 'పనికి ఆహారం' కార్యక్రమాలూ నడిచాయి.

ఈ దశను గురించి రెండు మాటలే చెప్పదగినవి. మట్టి పని రూపంలో వచ్చిన గోధుమ ఒక బావినో ఒక గట్టునో మిగిల్చింది. ఉచిత పంపిణీ రూపంలో వచ్చినది ఒక జాబితాను మిగిల్చింది. జాబితా తయారుచేసే అధికారం సంఘపెద్దల మధ్య పోటీకి కారణమైంది. ఎవరి పేరు ఉండాలన్న వాదం ఎవరు మనవారన్న వాదంగా మారినచోట ఒంగోలు నియమం తలకిందులైంది. జొన్న తినే ఇళ్ళకు పాలపొడి, గోధుమ రవ్వ ఎంత ఉపయోగపడ్డాయన్నది వేరే చర్చ.

7. రెండు రూపాయల కిలో బియ్యం తరువాత

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం ప్రవేశపెట్టాక ఆకలి స్వరూపమే మారింది. జొన్న ఇంట్లోకి బియ్యం వచ్చింది. 2001లో పౌరహక్కుల ప్రజాసంఘం సుప్రీంకోర్టులో వేసిన ఆహారహక్కు వ్యాజ్యం, 2013 జాతీయ ఆహారభద్రత చట్టం ఆహారాన్ని ప్రభుత్వ దయ స్థాయి నుంచి చట్టబద్ధ అర్హత స్థాయికి తెచ్చాయి. 2006లో మొదలైన ఉపాధి హామీ పథకం మొదటి విడతలోనే నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ చేరాయి. 2025 ఉగాదినాడు రేషన్ దుకాణాలలో సన్నబియ్యం పంపిణీ ప్రారంభమైనది కూడా పాత నల్లగొండ జిల్లాలోని హుజూర్‌నగర్‌లోనే. ఇంత జరిగాక సంఘం కుండలో పోసే పిడికెడు గింజలకు పని ఏముంది?

పని ఉన్నచోటు వలస. సాగునీరు రాని మండలాల నుంచి గుంపు మేస్త్రీ ఇచ్చిన ముందస్తు సొమ్ము తీసుకొని ఆనకట్టలు, రోడ్లు, భవనాల పనులకు దేశమంతా తిరిగిన 'పాలమూరు కూలీ' తెలుగు రాష్ట్రాలకు సుపరిచితుడు. పంటలు ముగిశాక వెళ్ళి తొలకరికి తిరిగివచ్చే ఈ వలస గ్రామ సంఘాన్ని సంవత్సరంలో సగకాలం సగానికి తగ్గిస్తుంది. పైన వేసిన ఊహాలెక్కనే తీసుకుంటే, 40 ఇళ్ళలో 20 ఇళ్ళు తాళం పడినప్పుడు 96 కిలోలు 48 అవుతాయి. సరిగ్గా అదే కాలంలో ఊళ్ళో మిగిలిన ముసలివారి అవసరం రెట్టింపవుతుంది. కొడుకూ కోడలూ వెళ్ళిన ఇంట్లో ఒంటరిగా ఉన్న తల్లికి బియ్యం ఉండవచ్చు. పప్పు, నూనె, వంటచెరకు, వండే శక్తి ఉండకపోవచ్చు. వేలిముద్ర సరిపడక రేషన్ దుకాణం నుంచి వట్టి చేతులతో తిరిగిరావచ్చు. అదే సమయంలో వలస వెళ్ళిన కుటుంబం కార్డు ఊళ్ళో, కడుపు పనిచోట ఉంటాయి. ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు ఏర్పాటు ఈ చిక్కును కొంత సడలించినా, పని స్థలం నెలనెలా మారే మట్టి కూలీకి అది సులభం కాదు.

ఇక్కడ సంఘం చేయగల పని గింజలు పోగుచేయడం కంటే వేరైనది. ఆదివారం ఆరాధనలో హాజరు తెలిసే సంస్థ గ్రామంలో ఇంకొకటి లేదు. ఎవరు రాలేదో, ఎందుకు రాలేదో సంఘ స్త్రీలకు తెలుస్తుంది. కార్డులో పేరు చేర్పించడం, ఉపాధి హామీ పనికి దరఖాస్తు రాసి రసీదు తీసుకోవడం, ఆగిన పింఛను గురించి మండల కార్యాలయానికి తోడు వెళ్ళడం వంటివి ఆ సమాచారంతో చేయదగిన పనులు. ఇవి క్రైస్తవేతరుల ఇళ్ళకూ చేయవచ్చు, చేసినప్పుడు క్లౌ నియమం తనంతట తానే పాటించబడుతుంది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990ల నడుమ నుంచి జొన్న ఆధారంగా నడిపిన ప్రత్యామ్నాయ ప్రజాపంపిణీ ఇంకో మార్గాన్ని చూపింది. అది మతసంస్థ కాదు. కాని ఊళ్ళోనే పండించి, ఊళ్ళోనే నిల్వచేసి, ఎవరు నిరుపేదలో గ్రామసభ ఎదుట తేల్చి పంచిన ఆ పద్ధతిలో పిడికెడు గింజల తర్కమే విస్తృత రూపంలో కనిపిస్తుంది.

మరో అడ్డంకినీ గమనించాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డ్ కులాల హోదా లేదు. రాష్ట్రంలో వారిని బి.సి. – సి వర్గంలో ఉంచారు. రేషన్ కార్డుకు కులంతో నిమిత్తం లేకపోయినా, ఎస్సీ కార్పొరేషన్ రుణాలకు, భూమి కొనుగోలు పథకాలకు ఉంది. దీనివల్ల అనేక ఇళ్ళు కాగితం మీద ఒక మతం, ఆదివారంనాడు ఒక మతం పాటిస్తున్నాయి. తన సభ్యుల పేర్లు బహిరంగంగా రాసుకోలేని సంఘం ఆకలిగొన్నవారి జాబితాను బహిరంగంగా తయారుచేయడం కష్టం. ఆకలి నివారణలో ఈ సంఘాల మౌనానికి నిర్లిప్తత ఒక్కటే కారణమని అనుకునే ముందు ఈ పరిస్థితిని లెక్కలోకి తీసుకోవాలి.

ఈ విషయంపై పనిచేయదలచిన పరిశోధకులకు మిషన్ వార్షిక నివేదికలు సులభంగా దొరుకుతాయి. అవి ఇచ్చినవారి వైపు నుంచి రాసినవి. దానికి భిన్నమైన ఆధారం గ్రామ సంఘాల జమాఖర్చు పుస్తకాలు. చర్చి పెట్టెల్లో, మాజీ కోశాధికారుల ఇళ్ళలో చెదలకు వదిలేసిన ఆ పుస్తకాల్లో డబ్బు కానుకలు ఒక వరుసలో, గింజలు ఇంకో వరుసలో ఉంటే, గింజల వరుసను నెలల వారీగా తిరగరాసి చూడాలి. ఆషాఢంలో అది ఎంతకు పడిపోయింది, మాఘంలో ఎన్ని ఇళ్ళ పేర్లు మాయమయ్యాయి, ఖర్చు వైపున కాపరి పేరు పక్కన ఇంకెవరి పేరైనా ఉందా అన్నవి ఆ వరుస నుంచే తెలుస్తాయి.